భూగర్భ జలాలపై పరిశోధన: ఒకే శాస్త్రంతో చేయాలా, పలు శాస్త్రాలను కలపాలా?

రాయలసీమలోను, తెలంగాణలోని మెట్ట జిల్లాల్లోను భూగర్భ జలాల తరుగుదలను అధ్యయనం చేయదలచిన వారికి మొదటి చిక్కు పద్ధతి దగ్గరే ఎదురవుతుంది. బోరు ఎందుకు ఎండిందని అడిగితే భూగర్భ శాస్త్రజ్ఞుడు రాతి పొరలను చూపుతాడు, వ్యవసాయ శాస్త్రజ్ఞుడు వరి సాగును చూపుతాడు, ఆర్థికవేత్త ఉచిత విద్యుత్తును, న్యాయ నిపుణుడు చట్టం అమలును చూపుతారు; నలుగురి మాటలోనూ నిజం ఉంది. అందువల్లనే కాబోలు, ఈ మధ్య నిధుల కోసం సమర్పించే ప్రతిపాదనల్లో బహుశాస్త్ర పరిశోధన అన్న మాట తప్పనిసరి అయిపోయింది. అయితే ఆ ఒక్క మాట కింద ఒకదానికొకటి పోలిక లేని పద్ధతులు దాగి ఉన్నాయి. ఒకే శాస్త్రంలో లోతుగా చేసే పని ఒకటి. పలు శాస్త్రాల వారు పక్కపక్కన పనిచేసి చివర నివేదికలను కలిపి కుట్టేది మరొకటి. మొదటి రోజు నుంచే ఒకే ప్రశ్న మీద అందరూ కలిసి పనిచేసేది ఇంకొకటి. రైతులనే పరిశోధకులుగా చేర్చుకుని సాగించేది నాలుగోది. పీహెచ్‌డీ విద్యార్థులు, కళాశాల అధ్యాపకులు, చిన్న స్వచ్ఛంద సంస్థలు వీటిలో దేన్ని ఎంచుకోవాలన్నదే ఈ వ్యాసం విషయం.

నా అభిప్రాయాన్ని ముందే చెప్పడం మంచిది. ఎన్ని శాస్త్రాలు చేరితే పరిశోధన అంత గొప్పదన్న భావన సరికాదు. మీ ఫలితం చూసి ఎవరు తమ నిర్ణయాన్ని మార్చుకోవాలో, ఆ నిర్ణయం ఏ పరిధిలో జరుగుతుందో తేల్చుకుంటే పద్ధతి చాలావరకు దానంతట అదే తేలుతుంది. రైతు నిర్ణయం బోరు పరిధిలోనిది, పంచాయతీ నిర్ణయం గ్రామ పరిధిలోనిది, విద్యుత్ విధానం రాష్ట్ర పరిధిలోనిది. ఈ మూడింటికీ ఒకే రకమైన పరిశోధన పనికిరాదు.

ఒకే శాస్త్రంతో లోతుగా

మన మెట్ట జిల్లాల్లో అత్యధిక భాగం గ్రానైటు, నైసు వంటి కఠిన శిలల మీద ఉంది. పైన కొన్ని మీటర్ల మందాన శిథిలమైన రాతి పొర, దాని కింద పగుళ్లున్న రాయి, ఇంకా కింద నీరు దాదాపు లేని గట్టి బండ ఉంటాయి. ఇలాంటి చోట నీరు ఎంత నిలుస్తుందన్నది ఊహతో తేలే విషయం కాదు. హైదరాబాదుకు దక్షిణాన ఉన్న మహేశ్వరం వాటర్‌షెడ్‌లో, అంటే వాన నీరంతా ఒకే వాగుకు చేరే 53 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రాన్సుకు చెందిన భూగర్భ పరిశోధన సంస్థ బీఆర్‌జీఎం కలిసి ఏళ్ల తరబడి చేసిన పని దీనికి మంచి ఉదాహరణ. నీటిమట్టాల ఎగుడుదిగుళ్లను, తోడిన నీటి లెక్కలను కలిపి చూసి, ఆ రాతి పొర వాస్తవంగా వదలగల నీటి వాటా దాని పరిమాణంలో సుమారు 1.4 శాతం మాత్రమేనని వారు అంచనా వేశారు. అంటే నీటిమట్టం ఒక మీటరు పడిపోయిందంటే తగ్గిన నీరు ఆ ప్రాంతమంతటా పరిస్తే 14 మిల్లీమీటర్ల మందం మాత్రమే. ఒక మంచి వానాకాలానికి మట్టాలు ఎందుకు అంత త్వరగా లేస్తాయో, ఒక్క రబీ వరికి ఎందుకు అంత త్వరగా కుంగుతాయో ఈ ఒక్క అంకె విప్పి చెబుతుంది.

అదే ప్రాంతంలో తేలిన మరో విషయం ఇంకా ఆలోచింపజేసేది. వరి మళ్లకు తోడి పెట్టిన నీటిలో దాదాపు సగం తిరిగి భూమిలోకే ఇంకుతోంది. కాబట్టి తోడే నీటిని సగానికి తగ్గించామని ఒక పథకం చెప్పుకున్నంత మాత్రాన భూమి లోపల అంత నీరు మిగిలినట్టు కాదు. ఆ మళ్ల నుంచి ఇంకే నీరు కూడా తగ్గిపోయి ఉంటుంది. బిందు సేద్యం మీద రాసే నివేదికల్లో ఈ తేడాను విస్మరించడం నేటికీ కనిపిస్తుంది. ఈ సంగతి సామాజిక సర్వేలతో బయటపడేది కాదు. బావులకు కొలతలు కట్టి, ఆవిరి లెక్కలు వేసి, నిదానంగా చేసిన ఒకే శాస్త్రపు పనితోనే ఇది సాధ్యమైంది.

కాబట్టి మీ ప్రాంతంలో ఇంకుదల ఎంత, నిల్వ ఎంత అన్న ప్రాథమిక లెక్కే లేనప్పుడు వేరే ఆలోచన లేకుండా ఈ పద్ధతినే ఎంచుకోవాలి. పునాది అంకె లేకుండా దాని మీద ఆర్థిక శాస్త్రాన్ని, చట్టాన్ని పేర్చితే ఆ పని ఊహల మీద ఊహగా మిగులుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కొలతల శ్రమ తప్పించుకోవడానికి ఉపగ్రహ సమాచారంతో పని ముగించాలన్న ఆకర్షణ విద్యార్థుల్లో బలంగా ఉంది. అమెరికా, జర్మనీలు కలిసి 2002 మార్చిలో ప్రయోగించిన గ్రేస్ జంట ఉపగ్రహాలు భూమి గురుత్వాకర్షణలోని స్వల్ప మార్పులను కొలిచి నీటి నిల్వల పెరుగుదలను, తరుగుదలను చెప్పగలిగాయి. రాజస్థాన్, పంజాబ్, హర్యానాల్లో 2002 నుంచి 2008 వరకు సుమారు 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం తగ్గిందని 2009లో వెలువడిన అధ్యయనం వాటి సాయంతోనే లెక్కగట్టింది. అంత విశాల ప్రాంతానికి అది సాటిలేని సాధనం. కానీ లక్షన్నర, రెండు లక్షల చదరపు కిలోమీటర్ల కంటే చిన్న ప్రాంతానికి దాని అంకెను నమ్మడం కష్టం. తెలంగాణ మొత్తం విస్తీర్ణమే 1.12 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆ సమాచారంతో ఒక మండలం పరిస్థితిని తేల్చామని రాసిన సిద్ధాంత వ్యాసాన్ని ఏ పరీక్షకుడూ అంగీకరించకూడదు.

పక్కపక్కన పనిచేయడం

మన దగ్గర బహుశాస్త్ర పరిశోధన పేరుతో జరిగేది ఎక్కువగా ఇదే. ఒక అధ్యాయం భూగర్భ శాస్త్రానిది, ఒకటి వ్యవసాయానిది, ఒకటి సామాజిక, ఆర్థిక సర్వేది, చివర సూచనలు. దీన్ని పూర్తిగా తీసిపారేయనక్కరలేదు. జిల్లా స్థాయి స్థితి నివేదిక ఆరు నెలల్లో కావాలంటే ఇంతకంటే తేలికైన దారి లేదు. ఎవరి పని వారికి తెలుసు, ఒకరి కోసం మరొకరు ఆగవలసిన పని ఉండదు. కానీ కార్యకారణ సంబంధాన్ని తేల్చాలనుకునే వారికి ఖర్చుతో పోల్చితే అతి తక్కువ ఫలం ఇచ్చే పద్ధతి ఇదేనని నా నిశ్చితాభిప్రాయం.

దీనికి కారణం పరిశోధకుల మధ్య సఖ్యత లేకపోవడమని చాలామంది అనుకుంటారు. అసలు కారణం ఎవరూ పట్టించుకోని చోట ఉంది: ఒక్కొక్క శాస్త్రం ఒక్కొక్క పరిధిలో, ఒక్కొక్క కాలానికి కొలుస్తుంది. భూగర్భ శాస్త్రజ్ఞుడి పరిధి వాటర్‌షెడ్. అది ఊళ్ల పొలిమేరలను పట్టించుకోదు. పంటల గణాంకాలు గ్రామం, మండలం వారీగా ఉంటాయి. విద్యుత్తు లెక్క ఫీడరు (అనేక మోటార్లకు కలిపి కరెంటు పంపే లైను) వారీగా ఉంటుంది. ఉచిత సరఫరా కావడంతో వ్యవసాయ మోటార్లకు చాలావరకు మీటర్లు లేవు కనుక ఒక్కో బోరు వాడకాన్ని అంచనాతోనే చెప్పాలి. సర్వే కుటుంబం వారీగా జరుగుతుంది, ఆ కుటుంబానికి రెండు వాటర్‌షెడ్లలో పొలాలు ఉండవచ్చు. రైతు తన బోరును రెండించుల నీళ్లనో, ఒకటిన్నర ఇంచు అనో చెబుతాడు. ఇంజనీరుకు అది నిమిషానికి ఇన్ని లీటర్లు అని కావాలి. కాలం సంగతీ అంతే. నీటి సంవత్సరం జూన్ నుంచి మే వరకు, ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి వరకు, జనాభా లెక్కలు పదేళ్లకోసారి. ఇవన్నీ విడివిడిగా సేకరించాక చివరి నెలలో ఒకచోటికి చేర్చాలని కూర్చుంటే కలిసేది ఏమీ ఉండదు.

జిల్లాల పునర్విభజన ఈ చిక్కును మరింత పెంచింది. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. మహబూబ్‌నగర్ జిల్లా అన్న పేరుతో 2010 నాటి అంకెను, 2020 నాటి అంకెను పక్కపక్కన పెట్టి తరుగుదలను చూపితే అది రెండు వేర్వేరు భూభాగాలను పోల్చినట్టు. ఇరవై ఏళ్ల వరుస కావాలనుకునే వారు జిల్లా అంకెలను వదిలి మండలం అంకెలతో మొదలుపెట్టాలి, కొత్త మండలాలను పాత మండలాలకు సరిపోల్చే పట్టికను మొదటి నెలలోనే తయారు చేసుకోవాలి. విసుగు పుట్టించే పనే కానీ, పరిశోధన నిలిచేది దాని మీదనే.

మొదటి రోజు నుంచే కలిసి

ఈ పద్ధతి విలువను నల్గొండ ఫ్లోరైడ్ చరిత్ర చూపినంత స్పష్టంగా మరొకటి చూపదు. నీటిలో ఫ్లోరైడు ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మనుషుల్లో 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. చాలాకాలం ఇది నీటి రసాయనానికి, ఎముకల వైద్యానికి చెందిన విషయంగానే సాగింది. రసాయన ఇంజనీరింగు తన వంతు పని బాగానే చేసింది: నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన నల్గొండ టెక్నిక్ పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గిస్తుంది, తూర్పు ఆఫ్రికా దేశాల దాకా ఆ పేరుతోనే వెళ్లింది. అయితే రోజూ కొలత ప్రకారం మందు కలపాలి, అడుగున పేరుకున్న మడ్డిని ఎక్కడో పారబోయాలి. ఆ పనిని ఊళ్లో ఎవరు, ఎంతకాలం చేస్తారన్న ప్రశ్నకు రసాయన శాస్త్రంలో జవాబు లేదు. దూరం నుంచి తెచ్చిన నది నీరే చివరికి ప్రధాన పరిష్కారమయింది.

ఆశ్చర్యకరమైన భాగం వేరే ఉంది. 1970ల మొదట్లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఫ్లోరైడు గ్రామాల్లో యువకులకు మోకాళ్లు లోపలికి వంగిపోయే కొత్త లక్షణాన్ని గమనించారు. ఫ్లోరైడు అంతకుముందూ ఉన్నదే. ఈ వంకర ఎందుకు కొత్తగా వచ్చింది? వారు ఆహారంలోని జొన్నలను పరీక్షించి మాలిబ్డినం అనే లోహం ఎక్కువగా ఉందని కనుగొన్నారు. ఎముకల దృఢత్వానికి అవసరమైన రాగి లోహాన్ని శరీరం నుంచి అది వెళ్లగొడుతుంది. ఆపైన నాగార్జునసాగర్ జలాశయం, కాలువల ప్రభావంతో భూమి అడుగున నీటిమట్టం పెరగడం, నేల క్షారగుణం పెరగడం, ఆ నేలలో జొన్న ఎక్కువ మాలిబ్డినం పీల్చుకోవడం అన్న వరుసను ప్రతిపాదించారు. ఇది ఒక ప్రతిపాదనే అయినా, ఆనకట్టను, నేలను, జొన్న సంగటిని, మోకాలి ఎముకను ఒకే వరుసలో చూడగలిగిన చూపు అందులో ఉంది. ఇంజనీరు, నేల శాస్త్రజ్ఞుడు, వైద్యుడు విడివిడిగా రాసే మూడు అధ్యాయాల్లో ఆ వరుస కనిపించే అవకాశమే లేదు.

పరిధి మారితే ఫలితం ఎలా తిరగబడుతుందో చూపే మరో ఉదాహరణ రంగారెడ్డి జిల్లా కొత్తపల్లి. మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1999లో అక్కడ మొదలుపెట్టిన వాటర్‌షెడ్ పనుల వల్ల చెక్‌డ్యాంలు, ఊట గుంతలు ఏర్పడి బావుల్లో నీరు పెరిగింది, దిగుబడులు మెరుగుపడ్డాయి. ఊరి పరిధిలో చూస్తే ఇది విజయం. ఆ ఊరు హైదరాబాదు నగరానికి నీరిచ్చే ఉస్మాన్‌సాగర్ జలాశయం పరీవాహకంలోది కావడంతో, తర్వాత జలశాస్త్ర నమూనాలతో చేసిన అధ్యయనాలు దిగువకు పారే నీరు తగ్గుతుందన్న సంగతిని కూడా చూపాయి. పైనున్న రైతు లాభం, దిగువనున్న నగరం నష్టం. వీటిని ఎలా తూచాలన్నది జలశాస్త్రం ఒక్కటే తీర్చలేని ప్రశ్న. ఇలా ఒకరి లాభం మరొకరి నష్టమయ్యే ప్రతిచోటా కలిసి చేసే పద్ధతి తప్పదు.

సామాజిక శాస్త్రాల వంతు ఇందులో అలంకారప్రాయం కాదని గుర్తుంచుకోవాలి. సామాజిక శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వేడ్ కర్నూలు జిల్లా కాలువ గ్రామాల్లో చేసిన అధ్యయనంలో, నీరు సులువుగా అందే ఎగువ ఊళ్ల కంటే నీటికి ప్రమాదం ఎక్కువగా ఉన్న చివరి ఊళ్లే ఉమ్మడిగా నీరుకట్టువాళ్లను పెట్టుకుని, కట్టుబాట్లు నడిపాయని తేలింది. ఉమ్మడి వనరుల నిర్వహణపై పనికి 2009లో ఆర్థిక శాస్త్ర నోబెల్ పొందిన ఎలినార్ ఆస్ట్రమ్ కృషి కూడా వనరు స్వభావాన్ని, మనుషుల కట్టుబాట్లను ఒకే చట్రంలో చూడాలంటుంది. కాలువలో నీరు కంటికి కనిపిస్తుంది, పక్కవాడు ఎక్కువ వాడితే తెలుస్తుంది. బోరు నీరు కనిపించదు. కాలువ ఊళ్ల పాఠాలు బోరు ఊళ్లకు ఎంతవరకు వర్తిస్తాయన్నది ఈ పద్ధతికి తగిన మంచి పరిశోధన ప్రశ్న.

ఖర్చు గురించి మాత్రం నిజం చెప్పాలి. ఒకరి పరిభాష మరొకరికి అర్థమయ్యేసరికే చాలా నెలలు పడుతుంది. వ్యాసం ఏ పత్రికకు పంపాలన్న దగ్గర తగవు వస్తుంది. విశ్వవిద్యాలయ నియామకాల్లో మీ పని మా విభాగానిది కాదని పక్కన పెట్టే ప్రమాదం నేటికీ ఉంది. ఇవన్నీ తెలిసి దిగేవారికే ఇది తగినది.

రైతులతో కలిసి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతులే నిర్వహించుకునే భూగర్భ జల వ్యవస్థల ప్రాజెక్టు 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో ఏడు కరవు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా ఆవాసాల్లో సాగింది. సబ్సిడీ ఇవ్వలేదు, బోర్ల మీద ఆంక్ష పెట్టలేదు. రైతులకు వర్షమాపకాలు అప్పగించి, పదిహేను రోజులకోసారి బావుల నీటిమట్టాలు కొలవడం నేర్పి, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత అని లెక్క వేయించారు. లోటు కనిపించాక ఏ పంట వేయాలన్నది ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక దీన్ని ఎంతో మెచ్చుకుంది. ప్రాజెక్టు ముగిశాక అక్కడికి వెళ్లిన పరిశోధకుల్లో కొందరు ఆ మెప్పును అంతగా సమర్థించలేదు; కొలతలు, సమావేశాలు ఎంతవరకు నిలిచాయన్నది వివాదంగానే ఉంది.

ఈ వివాదం నుంచే ఎంపికకు పనికొచ్చే విషయం దొరుకుతుంది. ఈ పద్ధతికి తిరుగులేని బలం సమాచారంలో ఉంది: ప్రభుత్వ పీజోమీటరు (నీటిమట్టం కొలిచే బోరు) ఒక మండలంలో కొన్ని చోట్లే ఉంటే, రైతుల కొలతలు ప్రతి ఊరి నుంచీ వస్తాయి, పైగా ఆ అంకెను రైతు నమ్ముతాడు. బలహీనత రుజువులో ఉంది. వరి తగ్గిందంటే నీటి లెక్క వల్ల తగ్గిందా, ధర వల్ల తగ్గిందా, వాన వల్ల తగ్గిందా? పోలికకు ప్రాజెక్టు లేని ఊళ్లను మొదటే ఎంచుకుని అదే శ్రద్ధతో కొలవకపోతే ఈ ప్రశ్నకు తర్వాత జవాబు చెప్పడం అసాధ్యం. కాలం మరో షరతు. నిధులున్నంత కాలం ఏ ఊరైనా కొలుస్తుంది. నిధులు ఆగిన తర్వాత కనీసం రెండు రబీలు గమనించే వీలు లేని వారు ఈ పద్ధతిలో ఫలితాలను ప్రకటించకపోవడమే న్యాయం. బోరున్న రైతులే సమావేశానికి వస్తారు, కౌలు రైతులు, బోరు లేని కుటుంబాలు రారు అన్నది కూడా లెక్కలో పెట్టుకోవాలి.

ఎవరికి ఏది

ఒక్క గైడు కింద పీహెచ్‌డీ చేసే విద్యార్థికి నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు ఉంటాయి. అందులో కోర్సు పని పోగా చేతిలో మిగిలేవి రెండు మూడు వానాకాలాలు. అనంతపురం వంటి చోట ఒక ఏడాది వాన మరో ఏడాదితో పొంతన ఉండదు కనుక అంత తక్కువ కాలపు కొలతలతో పెద్ద మాట చెప్పలేరు. వీరు ఒక శాస్త్రంలో గట్టిగా నిలిచి, పక్క శాస్త్రం నుంచి ఒక్క ప్రశ్నను మాత్రం అరువు తెచ్చుకోవడం మేలు: ఉదాహరణకు భూగర్భ శాస్త్ర విద్యార్థి తన నీటి లెక్కలో విఫలమైన బోర్ల అప్పుల సర్వేను ఒక అధ్యాయంగా కాక, ఎక్కడ కొలవాలో నిర్ణయించే ఆధారంగా వాడుకోవచ్చు. సహ గైడు మరో విభాగం నుంచి దొరికి, ఆయన సంతకానికి పరిమితం కాకుండా క్షేత్రానికి వస్తారన్న నమ్మకం ఉంటేనే మూడో పద్ధతి వైపు వెళ్లాలి.

స్థిరమైన ఉద్యోగాలున్న అధ్యాపకుల బృందానికి, ఐదేళ్ల నిధులు ఉన్నప్పుడు, మూడో పద్ధతే సరైనది. ఉచిత విద్యుత్తు, వరి కొనుగోలు, బోర్ల లోతు మధ్య సంబంధం వంటి పెద్ద ప్రశ్నలను ఇంకెవరూ చేపట్టలేరు. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత సరఫరా 2018 జనవరి 1న మొదలైంది కనుక, ఆ తేదీకి ముందు, తర్వాత నీటిమట్టాలను, సాగు విస్తీర్ణాన్ని పోల్చే అవకాశం సిద్ధంగా ఉంది. అయితే అదే కాలంలో చెరువుల పూడికతీత, కొత్త ఎత్తిపోతల నీరు కూడా తోడైనందున వాటి ప్రభావాన్ని వేరు చేయగల గణాంక నిపుణుడు లేకుండా దిగకూడదు.

ఊరితో ఏళ్ల అనుబంధం ఉన్న స్వచ్ఛంద సంస్థకు నాలుగో పద్ధతి సహజమైనది. ఆ అనుబంధం లేని విశ్వవిద్యాలయం రెండేళ్ల ప్రాజెక్టు కోసం రైతులతో కలిసి అన్న మాటను ప్రతిపాదనలో రాయడం మాత్రం మానుకోవాలి. వర్షమాపకం ఒకటి పాతి, అంకెలు తీసుకుని వెళ్లిపోయి, ఫలితం చెప్పడానికి తిరిగి రాని బృందాలను చూసిన ఊరు తర్వాత వచ్చే వారిని కూడా నమ్మదు.

ఏది ఎంచుకున్నా ప్రతిపాదన సమర్పించే ముందు ఒక పట్టిక గీసి చూడండి. అడ్డంగా మీరు వాడదలచిన ప్రతి సమాచారం: నీటిమట్టం, వర్షం, పంట, విద్యుత్తు, కుటుంబ ఆదాయం. నిలువుగా అది ఏ పరిధికి, ఏ కాలానికి, ఎన్ని ఏళ్లకు దొరుకుతుందో రాయండి. రెండు వరుసలకు మించి ఒకే పరిధిలో కలవకపోతే అది మూడో పద్ధతికి సిద్ధమైన ప్రశ్న కాదు. అప్పుడు ప్రశ్నను కుదించండి, లేదా కలవని సమాచారాన్ని మీరే కొత్తగా సేకరించడానికి బడ్జెట్‌లో చోటు పెట్టండి.